నడక వేగం

మా పెదనాన్నకు మా వీధిలో ‘నత్త’ అని పేరు. ఎదురుగా ఎవరూ అనేవాళ్ళు కాదు. కానీ ఆయన బండి మలుపు తిరగడం కనపడితే చాలు, టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు "నత్తగారు బయల్దేరారు, ఇక్కడిదాకా వచ్చేలోపు ఇంకో టీ తాగొచ్చు" అని నవ్వుకునేవాళ్ళు. సొంత పని మీద వెళ్ళినా ఆయన వేగం అంతే. ఒకసారి మా పెద్దమ్మకు పన్ను సలుపుతుంటే దవడ పట్టుకుని పక్క సీట్లో కూర్చుందట. దారిలో ఒక సైకిలు వీళ్ళను దాటి వెళ్ళిపోయింది. "ఏమండీ, మనం డాక్టరు దగ్గరికి చేరేలోపు ఇది దానంతటదే ఊడిపోయేలా ఉంది" అంది పెద్దమ్మ.

ఆయన నడిపేది అంతిమయాత్ర బండి. చనిపోయినవాళ్ళను ఇంటి నుంచి శ్మశానానికి చేర్చే బండి. ఆ పనిలో పడ్డాక ఆయన కాలు వేగమన్నదే మరిచిపోయింది.

మొదట ఆయన సిటీ బస్సు డ్రైవరు. మా తాతయ్య పోయినరోజు బండి తెచ్చినవాడు ఎవరో తొందర మనిషి. ఇంకోచోటికి పోవాలని కాబోలు, జనం వెనక వస్తున్నారన్న ధ్యాస లేకుండా లాగించేశాడట. నడిచేవాళ్ళు వెనకబడ్డారు. మా నానమ్మ మాత్రం ఆగలేదు. చెప్పు తెగితే రెండో చెప్పు కూడా వదిలేసి, కొంగు బిగించి పరుగెత్తింది. "మా అమ్మ పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. నాన్నతో కలిసి నడవాల్సిన ఆఖరి దారిలో పరుగెత్తింది" అని పెదనాన్న ఎప్పుడైనా చెబితే ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకునేవాడు. కొన్నాళ్ళకు బస్సు మానేసి, ఆ బండ్ల యజమాని దగ్గరికి వెళ్ళి పని అడిగాడు. పెట్టుకున్న నియమం ఒక్కటే: అందరికన్నా వెనకున్న మనిషి నడకే బండి నడక.

నియమం బాగానే ఉంది, బండికే అది కిట్టలేదు. పాత డీజిలు బండి. నడక వేగంలో పోవాలంటే క్లచ్ సగం నొక్కి పట్టుకుని పోవాలి. వేసవిలో సగం దారికే ఇంజను కుతకుత ఉడికేది. ఫ్యాను హోరెత్తేది. వెనక నడిచేవాళ్ళ మొహాన పొగ కొడుతుంటే వాళ్ళు పక్కకు జరిగి, కొంగులూ రుమాళ్ళూ అడ్డం పెట్టుకుని నడిచేవాళ్ళు. ఇంటి ముందు ఏడుపులు సద్దుమణిగేదాకా ఆగాల్సి వస్తే, లోపలి ఫ్రీజర్ కోసం ఇంజను ఆపకూడదు. చనిపోయినాయన గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పబోతే, ఆ దడదడలో గొంతు చించుకోవాలి. ఇక పెదనాన్న ఎడమ మోకాలు సంగతి చెప్పక్కర్లేదు. ఇంటికి రాగానే పెద్దమ్మ కుట్టుమిషను పక్కనున్న ముక్కాలిపీట మీద ఆ కాలు చాపుకునేవాడు.

పాత యజమాని పోయాక ఆయన కూతురు ఆ పని అందుకుంది. ఒకరోజు షెడ్డులో బండి కింద కారిన నూనె చూసి ఆమె అంది: "అన్నా, దీనికి మనమే అంతిమయాత్ర చేసేలా ఉన్నాం. ఇలాంటి బండ్లు చేసే కార్ఖానా వాళ్ళు కరెంటు బండి ఒకటి పంపుతామంటున్నారు. నెల రోజులు నడిపి చూసి, నచ్చితే ఉంచుకోవచ్చు. లేదంటే తిప్పి పంపేయొచ్చు. నడిపేది మీరు, తేల్చాల్సింది కూడా మీరే."

బండితో పాటు కార్ఖానా నుంచి ఒకాయన వచ్చాడు. బూడిదరంగు బండి, పక్కలకు పెద్ద అద్దాలు. ఆయన తలుపులు తీసి చూపించి, ఉత్సాహంగా "యాక్సిలరేటర్ మీద కాలు పెడితే బాణంలా దూసుకుపోతుందండీ" అన్నాడు.

"బాణంలా పోతే నా వెనకొచ్చేవాళ్ళు ఏమైపోవాలి బాబూ?" అన్నాడు పెదనాన్న. "మనిషి నడక వేగంలో, మిట్టమధ్యాహ్నం, ఫ్రీజర్ ఆడుతుండగా, ఎంతసేపు పోతుందో అది చెప్పండి."

ఆ ప్రశ్న ఆయనను ఎవరూ అడిగినట్టు లేరు. తల గోక్కుని, పక్కకు వెళ్ళి ఎవరికో ఫోను చేసి వచ్చాడు. "పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా పోతుందటండీ."

"వేడెక్కదా?"

"వేడెక్కడానికి ఇంజనే లేదు కదండీ."

పెదనాన్నకు నమ్మకం కుదరలేదు. ఇంటికి వచ్చి పెద్దమ్మతో పంచాయితీ పెట్టాడు. ఆమె సుద్దతో గుడ్డ మీద గీతలు గీస్తూ వింది. నేను పక్కన గుండీలు కుడుతున్నాను.

"అసలు మీరు తిరిగేదెంతండీ?" అంది పెద్దమ్మ. "షెడ్డు నుంచి ఆసుపత్రి, ఆసుపత్రి నుంచి వాళ్ళిల్లు, అక్కణ్ణుంచి శ్మశానం, మళ్ళీ షెడ్డు. గానుగెద్దు నయం, మీకన్నా ఎక్కువ తిరుగుతుంది. సాయంత్రం నుంచీ బండి ఆ షెడ్డులో ఊరికే పడుంటుంది. అప్పుడు ఛార్జింగ్ పెట్టుకోవడానికి ఏం రోగం?"

"మరి దూరం పోవాల్సొస్తే? పక్క జిల్లాలూ, ఆ పైనా?"

"ఎన్నాళ్ళకోసారి పోతారు?"

"ఎప్పుడో ఒకసారి."

"ఎప్పుడో వచ్చే చుట్టం కోసం రోజూ గుండిగలో వండుకుంటామా?"

"నా చుట్టం మామూలుగా రాడే! లోపల మనిషిని పెట్టుకుని, పక్కన ఏడ్చేవాళ్ళను కూర్చోబెట్టుకుని, దారిలో ఎక్కడో ఆపి ‘కాసేపు ఆగండమ్మా, బండికి కరెంటు పెట్టాలి’ అని ఏ మొహంతో అనను?"

పెద్దమ్మ గీతలు గీయడం ఆపింది. సుద్దముక్క చెవి మీద పెట్టుకుని "అది మాత్రం ఆలోచించాల్సిందే" అంది.

కొత్త బండిలో మొదటి ప్రయాణం బజారులో తాళాలు బాగుచేసే పెద్దాయనది. ఊరిలో సగం ఇళ్ళ తాళంచెవులు ఆయన చేతిలో పుట్టినవే. జనం బాగా వచ్చారు. బండి కదిలిన సంగతి ముందు వరసలో ఉన్నవాళ్ళకు కూడా వెంటనే తెలియలేదట. ఒక్క కాలితో, ముట్టీ ముట్టనట్టు తొక్కితే, నీళ్ళ మీద పడవలా సాగింది. ముందు నుంచి సన్నని గుంయ్ మన్న నాదం ఒకటి, అంతే.

వీధి చివర మలుపు తిరిగాక పెదనాన్నకు వాన మొదలైనట్టు అనిపించింది. టపటపా, సరసరా, ఎడతెరిపి లేని చప్పుడు. వైపర్ల మీద చెయ్యి పడింది కూడా. చూస్తే అద్దం పొడిగా ఉంది. పైన ఒక్క మబ్బు లేదు. పక్క అద్దంలోకి చూశాడు. వెనక వీధి నిండా మనుషులు. ఆ చప్పుడు వాళ్ళ అడుగులది.

ఇన్నేళ్ళుగా ఆయన అంతమందిని వెంటేసుకుని నడిపాడు. ఒక్క అడుగు చప్పుడు వినలేదు. ఇప్పుడు తోలు బూట్లు వేరుగా, రబ్బరు చెప్పులు వేరుగా, ఒక చేతికర్ర నేలను తాకడం వేరుగా వినిపిస్తోంది. ఎవరో పసిబిడ్డను జోకొడుతున్నారు. "అంత నడకా నా వెనక! ఇన్నాళ్ళూ నేను మోసింది ఒక్కరినే అనుకున్నాను" అని ఆ సాయంత్రం మాతో అన్నాడు.

ఇంకో మాట కూడా వినబడింది. చనిపోయినాయన భార్య అద్దం మీద చెయ్యి ఆనించి, బండి పక్కనే నడుస్తోంది. ఏడవడం లేదు. ఆయనతో మాట్లాడుతోంది. "తలుపుకి తాళం వేశానో లేదో గుర్తు రావడం లేదయ్యా. ఈ హడావిడిలో వేశానో, దగ్గరికి లాగి వచ్చేశానో! తాళాలాయన పెళ్ళాం ఇల్లు బార్లా తెరిచి వచ్చిందంటే ఊరంతా నవ్వుతుంది. నువ్వుంటే ఈపాటికి చూసొచ్చేవాడివి..."

పెదనాన్న కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, దగ్గరగా నడుస్తున్న ఆమె మేనల్లుణ్ణి పిలిచి, మెల్లగా చెప్పాడు. అతను వెనక్కి వెళ్ళి చూసి వచ్చి, "వేసే ఉందత్తా" అన్నాడు. ఆమె అద్దం వైపు తిరిగి "వేసే ఉందట" అంది.

ఆ రోజు పెదనాన్న అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద అలాగే పట్టుకున్నాడు. "ఈ బండి నాకు పనికిరాదేమోనే" అన్నాడు పెద్దమ్మతో. "దూరం సంగతి కాదు. భార్యాభర్తల మధ్య మాటలవి. నేను వినకూడనివి. భయమేసింది."

పెద్దమ్మ మజ్జిగ గ్లాసు దగ్గరికి జరిపింది. "నేను దర్జీదాన్ని. నడుం చుట్టూ టేపు పెట్టేసరికి ఆడవాళ్ళు ఎక్కడలేని సంగతులూ చెప్పుకుంటారు. చెవిన పడ్డవన్నీ నోట పడాలా ఏంటి? విన్నాను కదా అని మీరేం చేశారు? తాళం చూసి రమ్మన్నారు. అంతవరకూ వినండి, మిగతాది వదిలేయండి."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కానీ మనసు తేలలేదు.

ఇంకొన్నాళ్ళకు ఆయన భయపడ్డ ప్రయాణం రానే వచ్చింది. ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఒక ముసలావిడ పోయింది. చాలా దూరాన ఉన్న సొంతూరికి తీసుకెళ్ళాలి. వెంట ఆవిడ చెల్లెలు, ఆమె కూడా ముసలిదే. యజమానురాలు "పాతబండి తీసుకెళ్ళండన్నా, రిస్కెందుకు?" అంది. పెదనాన్న "ఇప్పుడు తెలుసుకోకపోతే ఇంకెప్పుడు తెలుసుకుంటానమ్మా" అన్నాడు. ఆ చెల్లెలి దగ్గరికి వెళ్ళి, దాచకుండా ముందే చెప్పాడు: "అమ్మా, ఇది కరెంటు బండి. దారిలో ఒకచోట ఆగాలి. కొంచెం సేపే, కానీ ఆగక తప్పదు. వద్దంటే వేరే బండి ఉంది."

ఆమె బండి లోపలికి తొంగి చూసింది. "చప్పుడు చెయ్యదా?"

"చెయ్యదమ్మా."

"అయితే ఇదే కానియ్యి నాయనా. మా అక్కకు చప్పుడంటే పడదు. దారిలో ఆగడమంటే మాత్రం ప్రాణం. ఎక్కడ నాలుగు చెట్లు కనపడినా బస్సు ఆపమనేది, ఎవరాపుతారు?"

ఛార్జింగ్ చోటు హైవే పక్కన, ఖాళీ పొలాల మధ్య. రేకుల పందిరి, కింద రెండు పాయింట్లు. రెంటికీ కార్లు తగిలించి ఉన్నాయి. ఒక కారు పక్కన తల్లీ తండ్రీ పిల్లలూ చాప పరుచుకుని తింటున్నారు. ఇంకో కారులో పెద్దగా పాట మోగుతోంది. అద్దాల బండి, లోపల తెల్లగుడ్డ కప్పిన మనిషి. ఎలా అడగాలో పెదనాన్నకు తోచలేదు.

అడగనే అక్కర్లేకపోయింది. పాట ఆగింది. కారాయన దిగి, బండి వైపొకసారి చూసి, ఏమీ అనకుండా తన తీగ పీకేసి, కారును వెనక్కి తీశాడు. చాప మీద తల్లి పిల్లల చేతులు తుడిచి, లేచి నిలబడమంది. పెదనాన్న దిగి తీగ తగిలించాడు. ఎక్కడో లోతున తేనెటీగలు కదిలినంత సన్నగా చప్పుడు మొదలైంది.

చెల్లెలు దిగి అద్దం పక్కన నేల మీద కూర్చుంది. పొలాల మీద నుంచి గాలి వస్తోంది. "చూశావా అక్కా, ఆపాను" అంది. కాసేపటికి ఆ చాప మీది తల్లి దగ్గరికి వచ్చి "ఎవరమ్మా?" అంది. "మా అక్క. నన్ను చంకనేసుకుని పెంచింది. నాకు ఈత నేర్పింది. నీళ్ళలోకి తోసేసి నవ్వేది దొంగముండ!" అని చెల్లెలు నవ్వింది, అలాగే ఏడ్చింది. కారాయన తన కారులోంచి నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. తరవాత వచ్చిన కార్లవాళ్ళు కూడా దూరంగా ఆపి, దిగి, ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. ఎవరూ ఎవరికీ తెలియదు. పేరు కూడా తెలియని ఒక ముసలావిడ ఈత సంగతులు వింటూ, చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెట్రోలు బంకులో ఎన్నిసార్లు ఆగాడో లెక్కలేదు గానీ, ఇలా ఎవరూ నిలబడలేదని పెదనాన్న చెప్పాడు. తీగ తీసి బయల్దేరేటప్పుడు అద్దంలో చూశాడు. రోడ్డెక్కేదాకా వాళ్ళు కదల్లేదు.

అంతా తేలిగ్గా జరిగిందని చెప్పను. ఊరు చేరేసరికి ఎండ వాలిపోయింది. వాకిట్లో జనం ఎదురుచూసి నీరసించారు. చనిపోయినావిడ మేనల్లుడు పెదనాన్న మీదికి వచ్చాడు. "ఇంతసేపా? ఎక్కడ చచ్చారు దారిలో? మామూలు బండి దొరకలేదా మీకు?" పెదనాన్న తల వంచుకున్నాడు. చెల్లెలు మెల్లగా దిగి "అరవకురా. నేనే ఆపమన్నాను" అంది. అతను పక్కకు తప్పుకున్నాడు, కోపం మాత్రం పోలేదు. ఆ కోపం న్యాయమైనదేనని పెదనాన్నకు తెలుసు. తిరుగు ప్రయాణమంతా ఆ నిలబడ్డ మనుషులూ, ఈ అరిచిన మనిషీ తక్కెడలో అటూ ఇటూ ఊగుతూనే ఉన్నారు.

నెల చివరికొచ్చింది. ఆ వారంలోనే వృద్ధుల ఆశ్రమం నుంచి పిలుపు వచ్చింది. ఒక పెద్దాయన, నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆశ్రమంలో ఉన్నవాళ్ళంతా మంచం పట్టినవాళ్ళే. కాగితాల మీద సంతకాలకు యజమానురాలు తోడు వచ్చింది. పక్క సీట్లో కూర్చుంది. బండి కదిలింది.

ఆశ్రమం వీధి దాటి, పార్కు పక్క రోడ్డులోకి వచ్చేసరికి పెదనాన్నకు ఏదో తేడాగా అనిపించింది. చెవులు రిక్కించాడు. చెట్ల మీద పిట్టలు అరుస్తున్నాయి. ఎవరో వాకిలి ఊడుస్తున్నారు. వెనక మాత్రం ఏమీ లేదు. పాతబండిలో ఇలాంటివాళ్ళను ఎంతమందిని తీసుకెళ్ళలేదు! ఆ హోరులో వెనక వందమంది ఉన్నా, ఎవరూ లేకున్నా ఒకటే. ఇప్పుడు ఆ లేకపోవడం వీపుకు తగులుతోంది.

బండి ఆపాడు.

"ఏమైందన్నా? ఛార్జింగ్ అయిపోయిందా?" అంది ఆమె.

"ఛార్జింగ్ ఉందమ్మా. మీరిటు వచ్చి కూర్చోండి."

"నేనా? నాకు కారే సరిగ్గా రాదు, ఈ బండి ఎలా నడుపుతాను?"

"దీనికి క్లచ్ లేదు, గేర్లు లేవు. కుడికాలు ఇక్కడ పెట్టండి. పాలపొంగు మీద నీళ్ళు చిలకరించినట్టు, అంతే తొక్కండి. నేను వెనకుంటాను."

ఆమెకు అర్థమైంది. ఇంకేమీ అడగకుండా సీటు మారింది. పెదనాన్న వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె తొక్కింది. బండి చెంగుమని ముందుకు పోయింది. "నిదానం అమ్మా!" అని కేకేశాడు. ఆగింది. మళ్ళీ కదిలింది, ఈసారి ఒద్దికగా. ఆ వెనక, అరిగిన మోకాలితో, కుంటుకుంటూ ఆయనొక్కడూ నడిచాడు. బతుకంతా ముందు కూర్చుని నడిపినవాడు, వెనక నుంచి ఆ బండిని చూడడం అదే మొదటిసారి. పొగ లేదు, వేడి లేదు. వెనక అద్దంలో చెట్లూ ఆకాశమూ జరిగిపోతున్నాయి, వాటి వెనక ఆ పెద్దాయన. అంత ప్రశాంతంగా ఒక మనిషిని తీసుకెళ్ళవచ్చని తనకే తెలియదని పెదనాన్న తరవాత మాతో చెప్పాడు. వాకిలి ఊడుస్తున్నామె చీపురు పక్కన పెట్టి, గేటు తీసుకుని వచ్చి, ఆయన పక్కనే నడిచింది. "ఎవరండీ?" అని అడిగింది. "తెలియదమ్మా" అన్నాడు. ఆమె తల ఊపి, శ్మశానం దాకా వచ్చింది.

గేటు దగ్గర యజమానురాలు బండి దిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పెదనాన్న రొప్పు తీరేదాకా ఆగి చెప్పాడు. "ఉంచుకుందామమ్మా. ఊళ్ళో పనికి దీన్ని మించింది లేదు. దూరమైతే ఆగాల్సి వస్తుందని ముందే చెబుదాం. ఆగలేమన్నవాళ్ళకు బయట బండి మనమే మాట్లాడిపెడదాం. ఆలస్యమైతే బాధ పడతారు కదా, వాళ్ళ తప్పేం ఉంది."

అలాగే చేశారు. డీజిలు బండి పాత ఇనుప సామాన్ల కొట్టుకు పోయింది. పెదనాన్న మోకాలు కాస్త కుదుటపడింది. ఎవరూ లేనివాళ్ళు పోతే ఆఫీసు నుంచి ఒకరో ఇద్దరో వెనక నడవాలని యజమానురాలు నియమం పెట్టింది. ఎవరూ ఖాళీగా లేకపోతే మా ఇంటికి ఫోను వస్తుంది.

మొన్న అలాగే వచ్చింది. ఎవరో ముసలామె అన్నారు, అంతకుమించి తెలియదు. పెద్దమ్మ మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులు వేసుకుని "పద" అంది. పొద్దుటి ఎండ ఇంకా ముదరలేదు. వీధిలో బండి మా ముందు కదిలింది. కొట్ల ముందు మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. మేమిద్దరం నడక మొదలుపెట్టాం. ముందు సీట్లో పెదనాన్న కిటికీ అద్దం కిందికి దించడం కనపడింది.